నూట నలభైముగ్గురు విశ్వాసులు

వదిన కుట్టుమిషనును గదిలోంచి బయటికి ఈడ్చిన చప్పుడుకి టీచరమ్మకు మెలకువ వచ్చింది. తెల్లారి ఎంతోసేపు కాలేదు. కిటికీ అద్దం పగులుకు అంటించిన కాగితం ముక్క గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"లేవక్కర్లేదులే, పడుకో తల్లీ," అంది వదిన, మిషనును మోకాలితో తోస్తూ. "ఇకనించీ ఇది నీ గదే కదా! నా మిషను వరండాలో తడిసి తుప్పు పడితే మాత్రం ఎవరిక్కావాలి?"

"నేనిక్కడ ఉంటానని ఎవరన్నారు వదినా? ఎల్లుండి బస్సుకి వెళ్ళిపోతున్నాను."

"ఆ ముక్క మీ అన్నయ్యతో చెప్పు. ఆఫీసులో నీకోసం బల్ల కూడా చేయించాడు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో నేనో బల్ల అడిగితే చెక్క దొరకట్లేదన్నాడు. చెల్లెలనేసరికి అడవులే నడిచొచ్చాయి!"

దుప్పటి మడతపెడుతున్న టీచరమ్మ చేతులు ఆగిపోయాయి. బల్ల సంగతి ఆమెకు కొత్త.

ఎనిమిదేళ్ళ క్రితం మిషనరీ బోర్డు ఆమెను కొండ మీదికి పంపింది. ఈ పట్నంలోనూ చుట్టుపక్కలా ఉన్న క్రైస్తవ సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న బోర్డు అది. తమ భాష మాట్లాడని, తమ తీరున బతకని మనుషుల మధ్యకు సువార్త పనివాళ్ళను పంపడమే దాని పని. దానికి కార్యదర్శి టీచరమ్మ సొంత అన్నయ్య. కొండ మీద ఊరంటే ఇరవయ్యారు ఇళ్ళు. చంకలో పిల్లలతో సహా లెక్కేస్తే నూట పన్నెండుమంది. వాళ్ళ మాటకు రాత లేదు. మూడేళ్ళపాటు వాళ్ళ చేత తిట్లు తింటూ ఆ మాట నేర్చుకుంది. తర్వాత వాళ్ళనే కూర్చోబెట్టుకుని దానికి అక్షరాలు కట్టింది. ఇప్పుడు ఏడుగురు వచ్చి పలక పడుతున్నారు. వాచకం సగం దాకా వచ్చింది. కిందటి నెల ఆ ఏడుగురిలో ఒకడు ఏటి అవతల ఒంటి గుడిసెలో ఉన్న బావమరిదికి ఉత్తరం రాశాడు, తోలుకుపోయిన మేకను తెచ్చి ఇవ్వకపోతే కాళ్ళు విరగ్గొడతానని. ఆ భాషలో పుట్టిన మొట్టమొదటి ఉత్తరం అది. బావమరిదికి చదవడం రాదు కనక, రాసినవాడే ఏరు దాటి వెళ్ళి, ఎదురుగా నిలబడి, చదివి వినిపించి వచ్చాడు. టీచరమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు కొండ దిగింది బోర్డు రమ్మంటేనే. అయిదేళ్ళకోసారి బోర్డు తన పనులన్నిటినీ ముందేసుకుని ఏది ముందు, ఏది వెనక, ఏది చాలించాలి అని తేలుస్తుంది. ఇవాళే ఆ సమావేశం. "అందరూ రావాలి" అని మాత్రమే బోర్డు పంపిన కార్డులో ఉంది. బల్ల మాట లేదు.

అన్నయ్య వంటగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"ఆఫీసులో బల్ల ఎవరికి అన్నయ్యా?"

"చెప్పేసిందా అప్పుడే?" వంటగదిలోకి ఒక చూపు విసిరాడు. "నీకే. మంచి కబురే. నీ కొండ పూర్తయింది."

"కొండ పూర్తవడమేంటి?"

"బోర్డు నియమం తెలీదా నీకు? ఒక చోట విశ్వాసులు వందమంది దాటితే ఆ చోటు అందినట్టే. అక్కడి మనిషిని వెనక్కి పిలిచి, అందని చోటికి పని మళ్ళించాలి. నీ దగ్గర నూట నలభైముగ్గురు. ముప్పయ్యేళ్ళ బోర్డులో పూర్తయిన మొదటి క్షేత్రం నీదే. రేవు పట్నానికి పంపడానికి కొత్త జంట కూడా రెడీగా ఉంది."



"మా ఊళ్ళో ఉన్నదే నూట పన్నెండుమంది!"

బూటు మీద బ్రష్షు ఆగింది. ఒక్క క్షణమే. "అటూ ఇటూ పల్లెలు లేవా ఏంటి?"

"లేవు. అటు బండ, ఇటు ఏరు."

అన్నయ్య రెండో బూటు అందుకున్నాడు. టీచరమ్మ లోపలే లెక్క వేసుకుంది. మూడు నెలలకోసారి బోర్డుకు ఫారం పంపాలి. ఆ ఫారంలో ఒకటే గడి, 'ఎంతమంది?' అని. పలక పట్టడానికి వచ్చేవాళ్ళను లెక్కపెట్టి ఆమె అందులో రాసేది. ఏడు. నాలుగుసార్లు ఎనిమిది. ఒకసారి ఆరు. మళ్ళీ ఏడు. అయిదేళ్ళలో ఇరవై ఫారాలు.

"మళ్ళీ మళ్ళీ ఆ ఏడుగురే కదా అన్నయ్యా! వాళ్ళనే కూడుకుంటూ పోయావా?"

"నేను కూడలేదు. ఆఫీసు కూడింది."

"ఆఫీసంటే ఎవరు? నువ్వూ, ఒక బీరువా!"

వంటగదిలో గరిటె కిందపడ్డ చప్పుడూ, ఆ వెనకే నవ్వూ వినబడ్డాయి. "నవ్వకు!" అని అరిచాడు అన్నయ్య అటు తిరిగి.

"నాలుగేళ్ళ క్రితం మీ కరపత్రంలో ముప్పై అయిదుగురు ప్రభువును నమ్ముకున్నారని చూసి నీకు ఉత్తరం రాశాను. నమ్ముకోలేదు, చదువుకుంటున్నారు అని. ఆ సంగతి తెలీదనకు."

"రాశావు. ఒక్కసారి." అన్నయ్య తలెత్తి సూటిగా చూశాడు. "తర్వాత పలకలు పంపాను. మందుల పెట్టె పంపాను. దీపాలు పంపాను. వద్దన్నావా? ఏడుగురున్న ఊరికి సంఘాలు అవన్నీ మోసుకొచ్చి ఇస్తాయనుకున్నావా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మొదటి పెట్టె వచ్చిన రోజు ఆమె కళ్ళ ముందు మెదిలింది. పెట్టె మూత మీద ఆ కరపత్రమే అంటించి ఉంది. చింపి పొయ్యిలో వేసింది. పలకలు మాత్రం పంచింది.

"బోర్డులో చెప్తాను," అంది.

"నీకక్కడ మాట లేదు. క్షేత్రంలో పనిచేసేవాళ్ళు అడిగితేనే నోరు విప్పాలి. ఎవరూ అడక్కుండా నేను చూసుకుంటాను." అన్నయ్య బూట్ల తాళ్ళు బిగించాడు. "అయ్యగారు వచ్చే నెల అధ్యక్ష పదవి దిగిపోతున్నారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఇవాళ్టితో తేలుతుంది. తోడబుట్టినదానివి, నా కాళ్ళకింద గొయ్యి తవ్వకు."

బోర్డు గది సైకిళ్ళ కొట్టు పైన ఉంటుంది. మెట్లెక్కుతుంటే రబ్బరు మాడిన వాసన. లోపల పొడుగాటి మేజా, దాని చుట్టూ నాలుగు కుర్చీలు, వెనక గోడకు ఆనించి ఒక బెంచీ. ఎదురు గోడకు చెక్క పలక, దాని మీద మూడు వరసల మేకులు. మొదటి వరస పైన 'అందనివి' అనీ, రెండో వరస పైన 'అందుతున్నవి' అనీ, మూడో వరస పైన 'అందినవి' అనీ రాసి ఉంది. తొమ్మిది క్షేత్రాల పేర్లు తొమ్మిది అట్టముక్కల మీద రాసి ఆ మేకులకు తగిలిస్తారు. మూడో వరస మేకులకు ఇన్నేళ్ళలో ఒక్క అట్ట కూడా తగల్లేదు.

ఓటున్నవాళ్ళు నలుగురే. అధ్యక్షుడు అయ్యగారు, అంటే పెద్ద సంఘం కాపరి. వయసు మీదపడి, మాట మాటకీ మధ్య నిద్రపోయినట్టు ఆగుతాడు. స్త్రీల సమాజం తరఫున లాయరమ్మ. సంఘ పెద్దల తరఫున అద్దాల కొట్టాయన. నాలుగోవాడు అన్నయ్య. వెనక బెంచీ మీద టీచరమ్మ, ఆమె పక్కన రేవుకు వెళ్ళబోయే కొత్త జంట. ఆ అబ్బాయి ఒళ్ళో రేవువాళ్ళ మాటల నోట్సు పెట్టుకుని పెదవులు కదుపుతూ వల్లె వేస్తున్నాడు.

మొదటి గంటలోనే గది వేడెక్కింది. జైలు పరిచర్య ముందని అద్దాలాయన, కాదు రేవు ముందని లాయరమ్మ.

"జైల్లో ఉన్నవాళ్ళు మన భాషవాళ్ళే. వాళ్ళ కోసం ఈ బోర్డెందుకు? ఆదివారం నడిచి వెళ్ళి రావచ్చు," అంది లాయరమ్మ.

"మీరు నడిచి వెళ్తారా? కారు దిగి గేటు దాకా నడిచినట్టు నేనెప్పుడూ చూళ్ళేదే!"

"మీరు చూసేది అద్దంలో మీ మొహాన్నే కదా, ఇంకేం కనబడుతుంది?"

"ప్రార్థిద్దాం," అన్నాడు అద్దాలాయన, పళ్ళు నూరుతూ.

ఆ బోర్డులో ఒక పద్ధతి ఉంది. మాట పెరిగితే ఎవరైనా ప్రార్థిద్దాం అనొచ్చు. అన్నాక అందరూ కళ్ళు మూసుకోవాలి. ప్రార్థన చేసేవాళ్ళకు ఎవరూ అడ్డు రాకూడదు. శాంతి కోసం పెట్టుకున్న ఆ పద్ధతి వల్ల జరిగిందేమంటే, పోట్లాటంతా ప్రార్థనలోకి చేరింది.

"ప్రభువా," అన్నాడు అద్దాలాయన, "నాలుగు చదువులు చదివామన్న పొగరు ఈ గదిలో ఎవరికుందో నీకు తెలుసు. వాళ్ళ నాలుకకు కళ్ళెం వెయ్యి. ఆమేన్."

"తండ్రీ," అంది లాయరమ్మ వెంటనే, కళ్ళు తెరవకుండానే, "బేరం తప్ప మరో భాష రాని నీ సేవకుణ్ణి క్షమించు. వేరే భాషలవాళ్ళ గోడు అతనికి ఎప్పటికి వినబడుతుందో నీకే తెలియాలి. ఆమేన్."

అయ్యగారు పెద్దగా నిట్టూర్చి, "ఇద్దరి ప్రార్థనా దేవుడు విన్నాడు. ఇక కాగితాలు చూద్దాం," అన్నాడు.

అన్నయ్య లేచాడు. గొంతు సవరించుకున్నాడు. కొండ పేరున్న అట్టను రెండో వరసలోంచి తీసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"పెద్దలారా! ఎనిమిదేళ్ళ కష్టం. నూట నలభైముగ్గురు విశ్వాసులు. నా చెల్లెలని చెప్పడం లేదు, ప్రభువు కృప అని చెప్తున్నాను. నియమం ప్రకారం ఈ క్షేత్రం అందినట్టే." అని నెమ్మదిగా మూడో వరస వైపు నడిచాడు. మొదటి మేకుకు అట్టను తగిలించాడు.

అయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. అద్దాలాయన కూడా మెత్తబడి, "ఇన్నాళ్ళకి ఒకటి కనబడింది," అన్నాడు. లాయరమ్మ కలం మూత తీసింది.

"అభ్యంతరాలున్నాయా?" అడిగాడు అయ్యగారు.

టీచరమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆ లెక్క..."

"క్షేత్రంవాళ్ళని ఇంకా అడగలేదు," అన్నాడు అన్నయ్య.

"ఏదో అంటోందిగా, అననివ్వండి," అంది లాయరమ్మ.

"ఆనందం పట్టలేక లేచింది పాపం. ప్రార్థిద్దాం!" అన్నాడు అన్నయ్య.

అందరి కళ్ళూ మూతపడ్డాయి. టీచరమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. అన్నయ్య కొండకోసం, కొండ మీది నూట నలభైమూడు ఆత్మల కోసం, ఇంతటి పంట చూపించినందుకు గొంతు వణికిస్తూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. నాలుగేళ్ళ క్రితం చింపిన కరపత్రమే ఇప్పుడు గొంతు పెంచుకుని ఎదురుగా నిలబడి చదువుతున్నట్టు అనిపించింది ఆమెకు. "ఆమేన్," అన్నాడు. "ఆమేన్," అన్నారు అందరూ.

ఇంకా ఎవరి కళ్ళూ తెరుచుకోలేదు. టీచరమ్మ చేతులు కట్టుకుంది. బోర్డులో తనకు మాట లేదు. ప్రార్థన మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు.

"ప్రభువా," అంది. గొంతు పీలగా వచ్చింది. "నూట నలభైముగ్గురు అబద్ధం."

కింద కొట్టులో ఎవరో సైకిలు చక్రాన్ని ఊరికే తిప్పుతున్నారు. ఆ చప్పుడొక్కటే.

"మా ఊళ్ళో నూట పన్నెండుమందే ఉన్నారని నీకు తెలుసు. పుట్టించింది నువ్వే. వాళ్ళలో పలక పట్టేవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురినే ఇరవైసార్లు కూడారు. నిన్ను నమ్ముకున్నవాళ్ళు ఒక్కరూ లేరు."

"ఆమేన్!" అన్నాడు అన్నయ్య, మేజా అదిరేలా.

"ఆమేన్," అన్నాడు అద్దాలాయన అలవాటు కొద్దీ.

"ఆవిడ ఇంకా ముగించలేదు," అంది లాయరమ్మ.

"కళ్ళు మూసుకో కార్యదర్శీ," అన్నాడు అయ్యగారు. ఆయన గొంతులో నిద్ర లేదు.

"ఒక ముసలామె మాత్రం నీ గురించి అడుగుతుంది. ఇంత దూరం ఒంటరి ఆడమనిషిని పంపాడే, మీ దేవుడికి వేరే పనేం లేదా అని. ఆమెకు ఏం చెప్పాలో నాకింకా తెలీలేదు. ఈ లెక్క తప్పని నాకు నాలుగేళ్ళుగా తెలుసు. పలకలకీ మందులకీ ఆశపడి నోరు మూసుకున్నాను. నన్ను క్షమించు. కానీ వాచకం సగంలో ఉంది ప్రభువా, నన్ను కిందికి దింపకు. ఆమేన్."

ఆ ఆమేన్‌కు ఎవరూ వంత పలకలేదు. కళ్ళు తెరిచాక గది మొత్తం ఒక్కసారే మీద పడింది.

"ఎనిమిదేళ్ళు!" అద్దాలాయన కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు. "ఒక్కరూ లేరా! నా కొట్టు ముందు ఖాళీ కుర్చీ వేసి వదిలేసినా ఎనిమిదేళ్ళలో ఒక్కడైనా వచ్చి అద్దం కొనుక్కుపోయేవాడు!"

"మీ సరుకు అరచెయ్యంత ఉంటుందండీ," అంది టీచరమ్మ. తనకు అంత మాట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు. "మొహం చూసుకుని జేబులో పెట్టుకుంటే సరి. నేను తీసుకెళ్ళింది అలాంటిది కాదు."

"నోరు కూడా ఉందే!"

"ఆగండి." లాయరమ్మ కోర్టులో నిలబడ్డట్టు లేచి నిలబడింది. "నాలుగేళ్ళుగా తెలుసన్నావు. ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాను."

"ఎవరికి?"

టీచరమ్మ అన్నయ్య వైపు చూసింది. అతను కాగితాలు సర్దుతున్నాడు. అంతకుముందే సర్ది ఉన్న కాగితాల్నే సర్దుతున్నాడు.

"కార్యదర్శిగారికి. ఉత్తరం రాశాను. ఒక్కసారే. గట్టిగా రాయలేదు."

"ఏ ఉత్తరం?" అన్నాడు అన్నయ్య. ముఖంలో రవ్వంత మార్పు లేదు. "నాకే ఉత్తరమూ అందలేదు. కొండ మీంచి టపా ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే."

పొద్దున్న అదే నోటితో 'రాశావు' అన్నాడు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? వంటగది గుమ్మంలో విన్నవాళ్ళెవరు? గరిటె పట్టుకున్న వదిన. ఆమె వచ్చి చెప్తుందా? ఆ కాసేపట్లోనే అన్నయ్య గట్టెక్కేశాడు.

"తప్పు ఫారంలో ఉంది. ఒకటే గడి ఉంటే ఎవరైనా ఏం చేస్తారు?" అన్నాడు. "రెండు గడులు పెట్టిద్దాం. రాసుకుంటున్నాను."

లాయరమ్మ అతనివైపు ఓ పట్టాన చూపు తిప్పుకోకుండా చూసింది. కానీ చేతిలో కాగితం లేనిదే ఆవిడ ఎవరి మీదా కేసు నడపదు.

అయ్యగారు కర్ర ఊనుకుని లేచాడు. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి మూడో వరసలోంచి కొండ అట్టను తీశాడు.

"అందని చోటే మనకు ముందు. ఆ నియమం రాసింది నేనే," అన్నాడు. "ఎనిమిదేళ్ళు మనిషి ఉండి కూడా ఒక్కరూ రాని చోటంటే, దానికన్నా అందని చోటు మన పట్టికలో ఉందా?"

ఆయన అట్టను మొదటి వరసలో, అన్నిటికన్నా పై మేకుకు తగిలించాడు.

టీచరమ్మ అప్పుడే దారి లెక్కేసుకుంది. ఎల్లుండి బస్సు. ఏరు పొంగకముందే ఊరు చేరొచ్చు. వాచకంలో మిగతా సగం...

"కొండ ముందే. ఒప్పుకుంటాను," అంది లాయరమ్మ. "కానీ ఈవిడ కాదు."

"నేనేం..."

"నాలుగేళ్ళు అబద్ధం మీద వచ్చిన పెట్టెలు విప్పుకున్నావు తల్లీ. ఇవాళ నిజం చెప్పావు, సంతోషం. కొండ పూర్తయిందని నిన్ను దింపేస్తుంటే చెప్పావు. ఉండనిచ్చి ఉంటే చెప్పేదానివా?"

టీచరమ్మ తిరిగి బెంచీ మీద కూర్చుంది.

"అవునవును," అన్నాడు అద్దాలాయన. పొద్దున్నించీ లాయరమ్మ మాటకు అతను అవుననడం అదే మొదటిసారి.

"చేతులెత్తండి," అన్నాడు అయ్యగారు నీరసంగా.

ఒక్క విషయం మీదా కలవని నాలుగు చేతులు ఒకే మాట మీద లేచాయి. అన్నింటికన్నా ఆఖర్న లేచింది అన్నయ్య చెయ్యి. అయినా లేచింది.

కొండకు కొత్త జంటను పంపాలని నిర్ణయమైంది. బెంచీ మీది అబ్బాయి నోట్సు కిందపడేసుకుని లేచాడు. "మాకు రేవు అన్నారు కదండీ! ఆరునెలల్నించీ వాళ్ళ మాట నేర్చుకుంటున్నాం!"

"పంపిన చోటికి వెళ్ళేవాళ్ళనే మిషనరీలంటారు బాబూ," అంది లాయరమ్మ. "ఆరువారాల టైముంది. టీచరమ్మ నేర్పుతుంది. ఆమెకు బల్ల కూడా ఉందటగా."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వదిన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి టీచరమ్మ ముందు ఠక్కున పెట్టింది.

"ఆ ఉత్తరం నాకు బాగా గుర్తుంది," అంది గొంతు తగ్గించి. "అప్పుడు ఆయన కళ్ళజోడు విరిగితే నేనే చదివి వినిపించాను. నీ కోడికాళ్ళ రాత చదవలేక తల ప్రాణం తోకకొచ్చింది."

"ఆ మాట వచ్చి లాయరమ్మకి చెప్పు వదినా!"

"చెప్తే? ఇంటికొచ్చి ఎవరి మీద అరుస్తాడు? నువ్వు మళ్ళీ కొండెక్కి కూర్చుంటావు. నేనెక్కడికి ఎక్కను?"

"నేనిక్కడే ఉంటే నీకు ఇష్టం లేదు కదా!"

"ఏమాత్రం ఇష్టం లేదు," అంది వదిన. "అయినా చెప్పను." అని లోపలికి వెళ్ళిపోయింది.

బోర్డు కాగితం లేకుండా కొండ కింది చెక్‌పోస్టు దాటనివ్వరు. అందుకని చెప్పకుండా బస్సెక్కే దారి కూడా మూసుకుపోయింది. టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఒకే ఆలోచనను చప్పరించింది. ఆ జంట తన చేతిలో ఉన్నారు. కొండవాళ్ళ తిట్లన్నీ పలకరింపులని చెప్పి నేర్పితే సరి. చచ్చినవాళ్ళను తలుచుకునే మాటను దణ్ణం అని నేర్పితే సరి. వారం తిరక్కుండా ఊరు వాళ్ళను రాళ్ళతో తరుముతుంది. బోర్డు ఈ గుమ్మంలోకే వచ్చి బతిమాలుతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, ఆమె దాన్ని రెండుసార్లు మొదటినించీ చివరిదాకా ఆలోచించుకుంది. రెండోసారి మధ్యలో రాళ్ళు ఎవరి చేతిలో ఉంటాయో కనబడింది. పలక పట్టే చేతులే. ఆ ఏడుగురూ, వాళ్ళ పిల్లలూ. ఒకసారి అలా తరిమాక పట్నం మనిషిని ఆ ఊరు మరెప్పటికీ దగ్గరికి రానివ్వదు. తననైనా సరే.

కాగితం తీసింది. తను కట్టిన ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు లోకం మొత్తమ్మీద ఎనిమిదిమంది. వాళ్ళలో ఒకరు మిగతా ఏడుగురికి రాయడం మొదలుపెట్టింది.

"నేను రావడం లేదు. తప్పు నాదే. నా చోట ఇద్దరు వస్తారు. వాళ్ళకు మన మాట సరిగ్గా రాదు. తిట్టండి, కానీ వెళ్ళగొట్టకండి. పదిహేనో పాఠంలో నేను ఒక అక్షరం తప్పు కట్టానని మీరు పోట్లాడారు. మీరన్నదే ఒప్పు. దిద్దుకోండి."

మడిచి, కొత్త జంట పట్టుకెళ్ళే సంచీలో వెయ్యడానికి పక్కన పెట్టింది. ఏడవాలనుకుంది కానీ కోపం అడ్డొచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో ఆ బల్లకు అటు ఇద్దరు, ఇటు ఆమె. బల్ల వార్నిషు ఇంకా పూర్తిగా ఆరలేదు, మోచెయ్యి ఆనిస్తే అంటుకుంటోంది. అబ్బాయి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అతని భార్య మాత్రం సూటిగా మొదలుపెట్టింది.

"మేమేం అడిగి వెళ్ళట్లేదండీ కొండకి."

"తెలుసు."

"మీరు మాకు సరిగ్గా నేర్పుతారని నాకు నమ్మకం లేదు."

"నాకూ లేకపోయింది. నిన్న సాయంత్రం మీకు వాళ్ళ తిట్లే నేర్పుదామనుకున్నాను."

ఆ పిల్ల నోరు తెరిచి మొగుడి వైపు చూసింది. అతను మొదటిసారి సరిగ్గా కూర్చున్నాడు.

"మరి ఇవాళ?" అంది.

"ఇవాళ 'నాకు తెలియదు' అనే మాట నేర్పుతాను. రోజుకు వందసార్లు అవసరం పడుతుంది. నాలుక అంగిట్లో ఆనించండి. ఊపిరి బయటికి వదలకూడదు, లోపలికి లాగుతూ అనాలి." అని ఒకసారి అని చూపించింది.

అబ్బాయి అన్నాడు.

"కాదు."

మళ్ళీ అన్నాడు.

"కాదు. అలా అంటే 'నాకు అక్కర్లేదు' అని. ఎవరైనా తిండి పెడుతున్నప్పుడు అన్నావంటే మళ్ళీ ఆ ఇంటివాళ్ళు నీతో మాట్లాడరు."

భార్య అంది. ఆమెది కాస్త నయం. అబ్బాయిది మాత్రం పదోసారికీ దారికి రాలేదు. టీచరమ్మ చేత్తో బల్ల మీద కొట్టింది. "ఊపిరి లోపలికి! చెవులున్నాయా లేవా?"

"ఎందుకండీ ఇంత కోపం?" అన్నాడు అతను ఎర్రబడి. "నేర్చుకునేవాళ్ళం కదా!"

"అక్కడివాళ్ళకి ఇంతకన్నా కోపం. మళ్ళీ అను."

అతను పళ్ళు బిగబట్టి ఊపిరి లోపలికి లాగాడు. ఈసారి మాట కొంచెం దగ్గరికొచ్చింది. ఆ సంగతి ఆమె అతనికి చెప్పలేదు.

"మళ్ళీ," అంది.